రామక్క పూర్ణం కుడుములు

మా అత్త రామక్క ఇరవై రెండేండ్ల సంది మా టేకులపల్లి బజారు వినాయకునికి పూర్ణం కుడుములు చేస్తది. తొమ్మిది దినాలు. దినానికి ఇరవై ఒకటి దేవునికి, ఇంకో యాభై పంచనీకి. తెల్లారకముందే తలస్నానం, తడి చీర, మాటా పలుకూ లేదు. మోకాళ్లు గుంజుతున్నా కట్టెల పొయ్యి ముందు కూసొని, మోదుగాకులు పరిచి ఆవిరి మీద ఉడికిస్తది. గ్యాసు మీద చెయ్యి అత్తా అంటే నా దిక్కు ఒక్క చూపు చూస్తది, అంతే.

నైవేద్యం రుచి చూడొద్దు గదా. బెల్లం, కొబ్బరి ఉడుకుతుంటే వాసనతోనే పట్టేది. "ఇగ దించాలె" అనేది, ఎన్నడూ తప్పలే. పోయిన ఎండాకాలం జరమొచ్చి ఆరు దినాలు దవాఖానల పడ్డది. అప్పటిసంది ముక్కు పనిచేస్తలేదు. పాలు మాడి ఇల్లంతా కంపు కొడుతుంటే, ఈమె పక్కనే కూసొని చింతపండు గింజలు తీస్తున్నది! అడిగితే "పడిశం పట్టిందే" అన్నది. అబద్ధమని తెలుసు. అయినా ఊకున్న, నాదీ తప్పే.

ఈ ఏడు మొదటి దినమే పూర్ణం మాడింది. నల్లబెల్లమాయె, రంగు చూసి పోల్చరాదు. ప్రసాదం నోట్లె పెట్టుకుంటే ఒకటే చేదు. మరి ఊరోళ్లు ఏమన్నరంటరా? ఏమనలే. ప్రసాదానికి వంక పెడితే పాపమట. కండ్లకద్దుకొని మింగిండ్రు. "రామక్క చేతి కుడుములంటే కుడుములే" అన్నడు కమిటీ పెద్ద శ్రీధర్. నాకు ఒళ్లు మండింది. అత్తకు షుగరు, తను తినదు. గట్ల నాలుగు దినాలు మాడినయే తిన్నడు ఆ దేవుడు.

ఐదో దినం అన్నదానం. ముందు రోజు పొద్దుగూకాల అత్త నడుం పట్టుకొని వచ్చి అరుగు మీద కూలబడ్డది. "రేపు రెండొందలు చెయ్యాలంటనే" అన్నది. చెప్తే ఈ ముసలామెకు ఊర్లె ఉన్న ఒక్క మర్యాద పోతది. చెప్పకుంటే రేపు ఊరంతటి ముందు మళ్ల మాడుతది.

"అత్తా, కుడుములు మాడుతున్నయి" అన్న.

నా దిక్కు తిరిగింది. "ఎన్ని దినాల సంది?"

"మొదటి దినం సంది."

"అందరు తిన్నరా?"

"అవ్."

"ఒక్కలన్నా అనలేదా?"

"అనలే."

కొంగు మొకానికి అడ్డం పెట్టుకొని ఏడ్చింది. ఇగ నన్ను తిడుతదనుకున్న. తిట్టలే.

"మోకాళ్లు పోయిన్నాడే మానుదామనుకున్ననే" అన్నది. "దేవునికి కోపమొస్తదని భయం. ఊరోళ్లు ఏమంటరోనని భయం. ఇగ చాలు రామక్కా అని ఎవలన్నా అంటరేమోనని ఎన్నేండ్లు చూసిన. ఎవలూ అనకపాయె. నా తోని కాదు శ్రావణీ. అలిసిపోయిన."

ఇరవై రెండేండ్లు అందరం తిన్నం గని, ఒక్కలం అడగలే.

తెల్లారి బజారు ఆడోళ్లను నలుగురిని పిలిచి, నేనే తడి చీరతోని పొయ్యి ముందు కూసున్న. నా కుడుములు సగం పగిలినయి, పగలనీ. ఏడు గంటలు దాటినంక శ్రీధర్ వాకిట్లకొచ్చి, "నైవేద్యం యాళ్లయింది, రామక్క ఏది?" అని కేకేసిండు.

"పండుకున్నది."

"ఇంకా పండుకున్నదా! లేపు జల్దీ."

"లేపను, పో" అన్న.