రేవు కాలేజీ ఓడిన ఏళ్ళు

సింగపూర్‌లో మా ఫ్లాట్ల కింద ఖాళీ జాగాలో బంతి ఆడకూడదని బొమ్మతో సహా బోర్డు పెట్టారు. అయినా సాయంత్రం బడి వదిలాక ఎవడో ఒకడు స్తంభానికేసి బంతి తంతూనే ఉంటాడు. ధబ్బుమని ఒక చప్పుడు, కాస్త నిశ్శబ్దం, మళ్ళీ ధబ్బు. ఆ చప్పుడు నేరుగా నా వంటింట్లోకి వస్తుంది. ఇరుగుపొరుగు విసుక్కుంటారు. నేను మాత్రం స్టవ్ మంట తగ్గించి వింటాను. వింటుంటే సూర్యంగారు గుర్తొస్తారు. సూర్యంగారు అని ఇక్కడ మర్యాదగా రాస్తున్నాను గానీ, పోయేనాటికి ఆయన్ని నేను ‘ఒరే సూర్యం’ అని పిలిచేదాన్ని. ఆయన మా నాన్నకన్నా పెద్దవారు. నన్ను తిట్టుకునే ముందు మా ఊరి సంగతి కొంచెం వినాలి మీరు.

మాది సముద్రపు ఒడ్డున ఒక చిన్న పట్నం. రెండు డిగ్రీ కాలేజీలు. గుట్టమీద ఉన్నది కొండ కాలేజీ, పాత ఓడరేవు పక్కన ఉన్నది రేవు కాలేజీ. అసలు పేర్లు వేరే ఉన్నాయి గానీ అవి సర్టిఫికెట్లకే పనికొస్తాయి. రాష్ట్రమంతటికీ క్రికెట్ పిచ్చి అయితే మా ఊరికి ఫుట్‌బాల్ పిచ్చి. ఒకప్పుడు ఓడలమీద వచ్చినవాళ్ళు నేర్పి వెళ్ళారని చెప్పుకుంటారు. ఏటా చలికాలంలో రెండు కాలేజీలకూ ఒక్క పోటీ, కొండ కాలేజీ గ్రౌండులో. ఆ వారం ఊరు ఊరులా ఉండదు. కొండది పసుపు, రేవుది నీలం. తెలియక నీలం చీర కట్టుకొచ్చిన మా మేనత్తకు ఆ వారం మా ఇంట్లో కాఫీ కూడా పుట్టలేదు. ఎదుటి పక్షం గోల్‌పోస్టుకు నిమ్మకాయలు, మిరపకాయలు కట్టేవారు, గుమ్మడికాయ పగలగొట్టేవారు. రేవువాళ్ళు తప్పెట కొడుతూ ‘కొండోళ్ళ కాళ్ళకి కీళ్ళు లేవు, కొట్టిన బంతికి కళ్ళు లేవు’ అని అరిచేవారు. మేము గోడమీద కూర్చుని గొంతులు పోయేలా బదులు చెప్పేవాళ్ళం. మేమన్నవి ఇక్కడ రాయడానికి వీల్లేదు.

అన్నిటికన్నా పెద్ద ఆచారం పోటీ ముగిశాక మొదలయ్యేది. ఓడిన కాలేజీవాళ్ళు, మళ్ళీ పోటీ జరిగేదాకా, గెలిచినవాళ్ళని మీరు అనాలి, గారు అనాలి. గెలిచినవాళ్ళు ఒరే అనవచ్చు, ఒసే అనవచ్చు. వయసుతో పని లేదు, హోదాతో పని లేదు. చదువు అయిపోయి ఎన్నేళ్ళయినా వదిలేది లేదు. మా వీధి బ్యాంకు మేనేజరు రేవు మనిషి. కొండ గెలిచిన ఏడాది ఆయన కొత్తగా చేరిన కొండ కాలేజీ గుమాస్తాని ‘అన్నగారూ, ఆ కాగితాలు ఇలా ఇస్తారా’ అని అడుగుతుంటే విని నవ్వడానికే జనం బ్యాంకుకు వెళ్ళేవారు.

నేను సింగపూర్ వచ్చి సైన్స్ పార్క్‌లో ఒక ప్రయోగశాలలో చేరిన కొత్తలో క్లెమెంటిలో గది అద్దెకు తీసుకున్నాను. ఇంటావిడ వంట చేసుకోనిచ్చేది కాదు. ఆదివారం ఉదయం చవక తిండి దుకాణాలన్నీ ఒక్కచోటే ఉండే హాకర్ సెంటర్‌కు వెళ్ళి, ఫోన్లో అమ్మతో గట్టిగా మాట్లాడుకుంటూ టిఫిన్ తినడం అలవాటు. ఒకనాడు ఫోను పెట్టేసి చోటు వెతుక్కుంటుంటే, పక్క బల్ల దగ్గర ఒంటరిగా కాఫీ తాగుతున్న పెద్దాయన తెలుగులో పలకరించారు.

“ఏ వూరమ్మా మీది? ఆ యాస ఇన్నట్టుందే.”

ఊరు చెప్పాను. ఆయన మొహం వెలిగిపోయింది. లేచి ఎదుటి కుర్చీ చేత్తో తుడిచారు. “మనూరి పిల్లవా! కూర్చో తల్లీ, కూర్చో. ఏ కాలేజీ?”

“కొండ కాలేజీ అంకుల్.”

ఆయన జేబులోంచి టిష్యూ ప్యాకెట్ తీసి ఆ కుర్చీలో పెట్టారు. ఈ ఊళ్ళో కుర్చీమీద టిష్యూ ప్యాకెట్ ఉంటే ఆ చోటు ఎవరికో కేటాయించారని అర్థం, దాన్నే చోప్ చెయ్యడం అంటారు. “ఈ కుర్చీ చోప్ చేసేసేను. కొండోళ్ళకి ఖాళీ లేదు,” అన్నారు.

నాకసలే నోరు పెద్దది. “మీ రేవోళ్ళకి గోలు కొట్టడం రాకపోయినా కుర్చీలు పట్టడం బాగా వచ్చే!” అన్నాను. ఆయన నవ్విన నవ్వుకి కాఫీ చొక్కామీద ఒలికింది. ఆ ప్యాకెట్‌తోనే తుడుచుకుని, ఆ కుర్చీ నాకిచ్చారు. ఊరు వదిలి వచ్చాక నాతో మొదటిసారి పోట్లాడిన మనిషి ఆయనే. ఆ వారమంతా నాకు ఎంత హాయిగా ఉందో.

సూర్యంగారు కుర్రతనంలోనే ఇక్కడి ఓడల కార్ఖానాలో డ్రాయింగులు గీసే పనిమీద వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. భార్య లక్ష్మిగారు పోయి చాలాకాలం అయింది. కొడుకు రవి సెంగ్‌కాంగ్‌లో కాపురం. బంగారం లాంటి కొడుకు. ప్రతివారం పిల్లల్ని తీసుకుని వచ్చి, తమతో వచ్చి ఉండమని బతిమాలేవాడు. ఈయనే కదిలేవారు కాదు. మనవరాలు ‘తాతా, యూ సో స్టబర్న్ లా’ అని చెయ్యి పట్టి లాగేది. ఆయన్ని ఎవరూ నిర్లక్ష్యం చేయలేదు. ఈ మాట ముందే చెప్పడం మంచిది.

పోటీ రోజున నన్ను వాళ్ళ ఫ్లాట్‌కు పిలిచేవారు. అక్కడ మధ్యాహ్నం ఆట మొదలైతే ఇక్కడ పొద్దుగూకే వేళ. ఆయన నీలం చొక్కా, నేను పసుపు చున్నీ. ఊళ్ళో బుల్లబ్బాయిగారని ఆయన సహాధ్యాయి, గ్రౌండులో నిలబడి ఫోను తెరిచి ఉంచేవారు. మేము మా ఫోనును స్టీలు గ్లాసులో పెట్టి, ఆ గ్లాసుకి చెరో పక్కా చెవులు ఆనించేవాళ్ళం. తప్పెట్ల మోతలోంచి బుల్లబ్బాయిగారి కేకలు వచ్చేవి. “ఒరే సూర్యం, ఇంటన్నావేంట్రా? మనోడు కార్నర్ తన్నేడ్రా! ఒరే, ఒరే, గోలురా సూర్యం!” ఈయన గ్లాసుతో సహా లేచి గంతులు వేసేవారు.

మొదటి ఏడే రేవు గెలిచింది. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, కాలర్ సర్దుకుని, “ఏమే పద్మా, కాఫీ ఎట్టు,” అన్నారు. “చిత్తం సూర్యంగారూ,” అని వంటింట్లోకి వెళ్ళాను. పాలు కాగుతుంటే ఏడుపొచ్చింది. ఆఫీసులో నా పేరును ఒక్క ఇంగ్లీషు అక్షరానికి కత్తిరించుకున్నారు. ఇంటావిడ ‘టెనెంట్’ అనేది. ఏమే అని ఎవరైనా పిలిచి ఎన్నాళ్ళయిందో ఆ క్షణందాకా నాకు తెలియలేదు. ఆ తరవాత కూడా వరసగా రేవే గెలుస్తూ వచ్చింది. నాకు తలవంపులు, ఆయనకు అసంతృప్తి. “నువ్వు నెగ్గినా ఓడినా నన్ను గారనే అంటావు. పెద్దోణ్ణి కదా. నాకు దీంట్లో లాభమేటే?” అని సణిగేవారు. హాస్యానికి అంటున్నారనుకునేదాన్ని.

ఒక ఆదివారం ఆయన కాఫీ ముందు పెట్టుకుని తాగకుండా కూర్చున్నారు. నేను కూర్చోగానే, “బుల్లబ్బాయి పోయేడే,” అన్నారు. పక్కబల్ల తుడవడానికి వచ్చినామె, “అంకుల్, ఫినిష్ ఆల్రెడీ?” అని కప్పు చూపించి అడిగి వెళ్ళింది.

“ఇన్నావా? అంకుల్,” అన్నారాయన. “లిఫ్టులో అంకుల్, డాక్టరు దగ్గిర అంకుల్, మార్కెట్లో అంకుల్. ఇంటికాడ నాన్న, తాత. అందరూ పేమగానే పిలుస్తారు, కాదన్ను. మా అమ్మ పోయింది, అన్నలు పోయేరు, లక్ష్మి పోయింది. ఒరే సూర్యం అనేవోడు బుల్లబ్బాయొక్కడే మిగిలేడు. ఆడూ పోయేడు. ఇంక సూర్యం ఎక్కడున్నట్టే?”

నేను పిలుస్తానని అనడానికి నోరు రాలేదు. పెద్దవాళ్ళని అలా పిలవకూడదని పెరిగిన నోరు అది. పిలవమని అడగడానికి ఆయనకూ అభిమానం అడ్డొచ్చింది. ఆయనకు కావలసింది ఆ ఒక్క పిలుపేనని ఇద్దరికీ తెలుసు. చల్లారిన కాఫీ ఆయన అలాగే తాగేశారు.

ఆ చలికాలం పోటీ ఎలా వింటామని అడిగితే, “నే కనుక్కుంటాలే, నువ్వు కంగారు పడకు,” అన్నారు. తరవాతి ఆదివారం నేను వెళ్ళేసరికి నన్ను చూసి లేచి నిలబడ్డారు. చేతులు కట్టుకున్నారు.

“రండి అక్కగారూ, కూర్చోండి. మేం ఓడిపోయేం. మావోడు గోలు ముందర బురదలో కాలుజారి పడ్డాడంట. రెండు గోల్సు ఇచ్చేసేం.”

ఎగిరి గంతేశాను. నిజమా కాదా అని విచారించాలని కూడా తోచలేదు. ప్రాణం పోయినా రేవు ఓడిందని ఒప్పుకోని మనిషి తన నోటితో చెబుతుంటే ఇక సాక్ష్యం ఎందుకు? అమ్మ అప్పటికే ఊరు వదిలి మా చెల్లెలి దగ్గర ఉంటోంది, ఊరి కబుర్లు చెప్పేవాళ్ళు నాకు వేరే ఎవరూ లేరు. చలికాలంలో మా గ్రౌండులో బురద ఎక్కడిదని కూడా అడగలేదు.

“మరి పిలవండి,” అన్నారు ఆయన, ఇంకా నిలబడే.

“వద్దు అంకుల్, బాగుండదు.”

“ఏంటి బాగుండదు? ఊరి ఆచారం. రేపు మేం నెగ్గితే ఊరుకుంటామా?”

చుట్టూ చూశాను. మమ్మల్ని పట్టించుకునేవాళ్ళెవరూ లేరు. “ఒరే,” అన్నాను. “ఒరే సూర్యం, కూర్చోరా.”

ఆయన కళ్ళు మూసుకున్నారు. తెరిచేసరికి అవి నీళ్ళతో ఉన్నాయి. “సరిగా ఇనపళ్ళేదు. ఇంకోపాలి అనండి అక్కగారూ.”

అప్పటినుంచి ఏటా రేవు ఓడుతూనే వచ్చింది. నేను ఏడిపించని రోజు లేదు. ‘ఒరే సూర్యం, మీవాళ్ళకి ఈ ఏడైనా కళ్ళు వచ్చాయా?’ అనేదాన్ని. ‘ఒరే, ఆ సంచీ పట్టుకో’ అనేదాన్ని. ఆయన చిత్తం అక్కగారూ అని పట్టుకునేవారు. మార్కెట్లో ఇంకో తెలుగావిడ విని బుగ్గలు నొక్కుకుంది. ఆయన ఎదురుగా నిలబడి ఆచారం మొత్తం ఆమెకు వివరించి, తమవాళ్ళు ఎంత ఘోరంగా ఓడారో కూడా చెప్పి పంపారు. కుర్రవాడిలా నడిచేవారు ఆ రోజుల్లో.

చివరకు ఊపిరితిత్తుల జబ్బుతో ఆసుపత్రిలో చేరారు. నేను వెళ్ళేసరికి మగతలో ఉన్నారు. నర్సు “అంకుల్, అంకుల్” అని భుజం తట్టి లేపుతోంది. ఆ గదిలో అన్ని మంచాలమీదా అంకుల్సే. రవి “నాన్నా” అని పిలిచి పిలిచి అలసిపోయి గోడకు ఆనుకున్నాడు. నేను మంచంమీదికి వంగాను.

“ఒరే సూర్యం! మళ్ళీ ఓడిపోయారటగా, సిగ్గు లేదట్రా?”

రవి ఉలిక్కిపడ్డాడు. సూర్యంగారి కనుబొమలు కదిలాయి. ఒక కన్ను తెరిచి నన్ను వెతికి పట్టుకున్నారు. “చిత్తం అక్కగారూ,” అన్నారు. “వచ్చే ఏడు... చూసుకుందారి.” ఆ వారంలోనే పోయారు.

మరుసటి ఏడు, ఎన్నో ఏళ్ళ తరవాత ఊరికి వెళ్ళినప్పుడు కొండ కాలేజీకి వెళ్ళాను. గ్రౌండు ఉండాల్సిన చోట నాలుగంతస్తుల హాస్టల్ ఉంది. మా ఆటల మాస్టారు గేటు దగ్గరే కనిపించి నన్ను గుర్తుపట్టారు. పోటీలు ఇప్పుడు ఎక్కడ జరుగుతున్నాయని అడిగాను.

“ఇంకెక్కడి పోటీలమ్మా? ఆగిపోయి శానా ఏళ్ళయింది. ఒకాయన ఫోను పట్టుకుని అరుస్తా ఉండేవోడే, బుల్లబ్బాయిగారని, ఆయన ఆఖర్న చూసిందే ఆఖరి ఆట. రేవోళ్ళు నెగ్గేరు. ఆ పైన గ్రౌండు తవ్వేసేరు.”

హాస్టల్ మెట్లమీద కూర్చుండిపోయాను. ఆయన నాకు చెప్పిన ప్రతి గోలూ, జారిపడ్డ ప్రతి కుర్రాడూ కల్పనే. ఆఖరి ఆట గెలిచింది రేవు. ఆచారం ప్రకారం బతికినన్నాళ్ళూ నన్ను ఒసే అనే హక్కు ఆయనదే. ఒక్క పిలుపు కోసం ఆ హక్కు వదులుకుని, ఏటేటా తన కాలేజీని తానే ఓడించుకున్నారు. రేవు మనిషికి అది ఎంత కష్టమో కొండవాళ్ళకే తెలుస్తుంది. నాకు తెలుసు, అందుకే అక్కడ గట్టిగా ఏడ్చాను.

అమ్మ కూడా పోయి ఇప్పుడు కొంతకాలమైంది. నా జుట్టు నెరిసింది. లిఫ్టులో పిల్లలు నన్ను ఆంటీ అంటారు, కూరగాయల అబ్బాయి ఆంటీ అంటాడు, కొత్తగా గదులు అద్దెకు తీసుకున్న తెలుగు అమ్మాయిలూ ఆంటీ అనే అంటారు. మర్యాదగానే అంటారు. వాళ్ళలో ఎవరి మాటలోనైనా మా వైపు యాస తగిలితే ఆగి, ఏ ఊరు, ఏ కాలేజీ అని అడుగుతాను. రేవు కాలేజీ అని ఇంతవరకూ ఎవరూ అనలేదు. ఎవరైనా అంటే ఏం చెప్పాలో మాత్రం నిశ్చయించుకున్నాను. పోటీ మొన్ననే జరిగిందని చెబుతాను. మా కీపరు బురదలో కాలుజారి పడ్డాడని, కొండ కాలేజీ చిత్తుగా ఓడిపోయిందని చెబుతాను. లేచి నిలబడి, చేతులు కట్టుకుని, మరి పిలవండి అంటాను.