కడుపున పడ్డనాటి లెక్క

వంటశాల పెరట్లో కట్టెలు చీలుస్తున్నారనుకున్నాను. శనివారం పొద్దున మా నరసింహస్వామి గుడిలో ఆ చప్పుడు మామూలే. పులిహోరకు ఎసరు పెట్టేముందు వంటామె కొడుకు మొద్దులు చీల్చి పొయ్యి దగ్గర పేర్చేవాడు. నేను ముఖమండపంలో కూర్చుని భజన తాళాలు చింతపండుతో తోముతున్నాను. రెండో దెబ్బకు ఒక మనిషి గొంతు వినబడింది. మూడో దెబ్బకు ఆ గొంతు ఆగిపోయింది.

నేను వెళ్లేసరికి వంటామె మరిది పొయ్యి ముందర బోర్లా పడి ఉన్నాడు. మెడకూ భుజానికీ మధ్య తెగి, తల ఒక పక్కకు వాలిపోయింది. నెత్తురు బియ్యం కడిగిన నీళ్లలో కలిసి తూము వైపు పారుతోంది. పిల్లవాడు గొడ్డలి వదలలేదు. వాడి తల్లి గోడకు చేరగిలబడి ఉంది. ఆమె ఎడమచేతి చర్మం మోచేతి నుంచి వేళ్ల దాకా ఊడి వేలాడుతోంది. అంతకుముందే మరిది ఆమె చేతిని మరిగే ఎసట్లోకి తోసి పట్టుకున్నాడట. ఆమె అరవకుండా రెండో చేత్తో నోరు మూశాడట.

"అన్నా, అమ్మ చెయ్యి జూడు" అన్నాడు పిల్లవాడు నాతో. కిందపడ్డ మనిషి వైపు చూడనైనా లేదు.

పాతబస్తీలో జహనుమా వైపు పోయే దారిలో ఉండేది మా గుడి. మా బాపు అక్కడ అర్చకుడు. కొడుకుగా నేను ఆయనకు సాయంగా ఉంటూ, శనివారం భజనలో ముందు పాడేవాణ్ని. లాడ్ బజార్‌లో దుకాణాలున్న సేట్లు కుటుంబాలతో వచ్చి కూర్చునేవారు. వంట కైంకర్యం ఆ పిల్లవాడి తండ్రిది. పిల్లవాడు పుట్టిన నెలలోనే ఆయన పోయాడు. అప్పటినుంచి తమ్ముడు ఆ పని చేతిలోకి తీసుకున్నాడు. పేరు ఆయనది, పని వదినది. పిల్లవాడు పెద్దవాడైతే తండ్రి పని వాడికే రావాలి. అందుకని తల్లీకొడుకులు విసిగి వెళ్లిపోవాలని ఆ మనిషి వాళ్లను కొట్టేవాడు. గంటెతో కొట్టేవాడు, కట్టెతో కొట్టేవాడు. ఒకసారి వదిన తలను రోటికి కొడితే ముందరి పళ్లు రెండు ఊడిపోయాయి. అది వాళ్లింటి సంగతని అందరూ అన్నారు. మా బాపు రెండుమూడుసార్లు మందలించాడు. మందలించిన రోజు దెబ్బలు ఎక్కువ పడ్డాయని వంటామె వచ్చి, ఇక ఏమీ అనొద్దని మొక్కింది.

పోలీసుల కంటే ముందు చచ్చినవాడి బావమరుదులు వచ్చారు. వంటామెను జుట్టు పట్టి వీధిలోకి ఈడ్చారు. కాలిన చేయి గచ్చుకు రాసుకుని ఆమె స్పృహ తప్పింది. పిల్లవాణ్ని ధ్వజస్తంభానికి కట్టి చెప్పులతో, రాళ్లతో కొట్టారు. అడ్డం వెళితే నాకు పక్కటెముక విరిగింది. గోడ మీద కూర్చున్నవాళ్లలో ఎవడో, "స్వామి చేసే పని పోరడు చేసిండు, మల్ల ఎందుకు కొడుతున్నరు?" అన్నాడు. ఇంకెవడో నవ్వాడు. ఠాణాలో వాణ్ని మళ్లీ కొట్టారు. నేను అన్నం పట్టుకెళ్లిన రోజు అరికాళ్లు బెల్లపుముద్దల్లా వాచి ఉన్నాయి. వాడు మోకాళ్ల మీద పాకుతూ వచ్చి తిన్నాడు.

గుడి మూశారు. లోపల నెత్తురు పడితే సంప్రోక్షణ అయ్యేదాకా పూజ లేదు. బాపు ఉపవాసం ఉండి మంత్రాలు చదువుతూ వంటశాల నేలంతా తన చేతులతో కడిగాడు. అది పూర్తయ్యాకే పిల్లవాడి కోసం తిరగడం మొదలుపెట్టాడు.

శాలిబండలో ఒక ముసలి వకీలు సాబ్ ఉండేవాడు. మా సేట్ల కేసులన్నీ ఆయనే చూసేవాడు. విషయమంతా విని ఆయన చెప్పింది చాలా తేటగా ఉంది.

"ఖూన్ కాదనలేం, పంతులుగారూ. పోరని ఉమర్ ఒక్కటే మన చేతులున్నది. పదహారు నిండలేదంటే పిల్లల కచ్చేరికి పంపుతరు, బడిల పెడ్తరు, చేతిపని నేర్పుతరు. నిండినయంటే పెద్దోళ్ల తోని బోనెక్కాలె. ఫాంసీ పడొచ్చు, ఉరి తప్పితే ఉమర్ ఖైదు, బతుకంతా జేల్ల."

వాడి వయసుకు రుజువు లేదు. తండ్రిని మింగి పుట్టాడని బంధువులు అన్నందుకు తల్లి జాతకమే రాయించలేదు. వాడు బడికి పోలేదు, మా బాపు దగ్గరే నాలుగక్షరాలు నేర్చాడు. ఆసుపత్రి డాక్టరు మణికట్టు ఎముక ఫోటో తీసి, పదహారుకు అటో ఇటో అన్నాడు. తల్లి మాట సర్కారు వకీలు కొట్టేశాడు. తల్లి కొడుకు కోసం ఏమైనా చెబుతుందన్నాడు. మిగిలింది వాడికి ఒడుగు చేసిన మా బాపు. ఆయన అబద్ధమాడడని పాతబస్తీలో అందరికీ తెలుసు. కచేరీలో మున్షీలకు కూడా తెలుసు.

సాక్ష్యానికి ముందు రోజు వకీలు సాబ్ మా ఇంటికి వచ్చాడు. ఏం చెప్పాలో ఒకసారి తన ముందు చెప్పి చూడమన్నాడు. బాపు ఒప్పుకోలేదు. ప్రమాణం చేసి చెప్పే మాటను ముందే అప్పజెప్పడం నాటకమవుతుందన్నాడు. అడిగింది దేవుడు చూస్తుండగా చెబుతానన్నాడు. వకీలు సాబ్ గడ్డం నిమురుకుంటూ, "మీ ఇమాన్ మీద, మీ మాట మీద నాకు ఫికర్ లేదు" అని లేచాడు. ఆ మాటలో నాకూ అనుమానం కనిపించలేదు.

కచేరీలో జడ్జి ఉర్దూలో అడిగితే, కాగితాలు చూసే పేష్కార్ తెలుగులో చెప్పేవాడు. పిల్లవాడు బోనులో కటకటాలు పట్టుకుని నిలబడ్డాడు. ఒక చెవి చిరిగి, ఎండిన నెత్తురు మెడ దాకా అంటుకుని ఉంది. వయసెంతని అడిగారు. బాపు కళ్లు మూసుకుని వేళ్ల కణుపుల మీద లెక్కపెట్టాడు.

"ఎనిమిదో ఏట ఒడుగు చేసిన. నా చేతులతోనే జంధ్యం వేసిన. అప్పటి సంది చూస్తే పదహారు నిండినై. పదిహేడోది నడుస్తున్నది."

వకీలు సాబ్ లేచి, మళ్లొకసారి యాద్ చేసుకోమన్నాడు. యాద్ చేసుకునేందుకేమీ లేదని, స్వామి ముందర జరిగిన పని అని బాపు అన్నాడు. జడ్జి రాసుకున్నాడు. సర్కారు వకీలు ఇంకేమీ అడగలేదు.

బయట వరండాలో వంటామె ఎదురొచ్చింది. కాలిన చేతికి గుడ్డ చుట్టుకుని ఉంది.

"అయ్యగారూ, నా కొడుక్కు పదిహేనే గద నిండినయి."

బాపు ఆమెకు శాస్త్రం చెప్పినట్టే చెప్పాడు. "పుట్టిన సంది కాదమ్మా. కడుపుల పడ్డనాటి సంది లెక్కవెట్టాలె. ఒడుగుకు గట్లనే పెట్టినం."

మా ఇంట్లో వయసులన్నీ ఆ లెక్కలోనే ఉండేవి. గర్భం నిలిచిన నెల నుంచి ఎనిమిదో ఏట ఒడుగు చేయాలని శాస్త్రం. ఆ లెక్క పట్టుకున్నవాడు మళ్లీ లోకం లెక్కలోకి దిగడని బాపు నమ్మకం. నా వయసు కూడా ఆయన అలాగే చెప్పేవాడు. కచేరీకి వేరే లెక్క ఉంటుందని ఆయనకు తట్టలేదు. వకీలు సాబ్‌కు మా లెక్క ఒకటుందని తెలియదు.

వంటామె కుడిచేత్తో బాపు చెంప మీద కొట్టింది. మళ్లీ కొట్టింది. ఆయన కండువా చేతికి చుట్టుకుని గుంజి, గోడకు నెట్టి, పిడికిలితో ఛాతీ మీద గుద్దింది. బంట్రోతులు పరుగెత్తుకొచ్చారు. బాపు వాళ్లను చేయెత్తి ఆపాడు. ఆమె అలసిపోయేదాకా నిలబడ్డాడు. పెదవి చిట్లి నెత్తురు తెల్ల అంగవస్త్రం మీద పడింది. "నా కొడుకును నువ్వే నరికినవ్" అని ఆమె మెల్లగా అంది. అప్పుడు ఆయన ముఖం చూశాను. తాను చెప్పిన మాట ఎక్కడికి పోయిందో ఆయనకు ఆ క్షణంలో తెలిసింది.

సాక్షిని మళ్లీ పిలవడానికి వకీలు సాబ్ చాలా బతిమాలాల్సి వచ్చింది. బాపు వారమంతా పచ్చి మంచినీళ్ల మీద ఉండి బోనెక్కాడు. గర్భం లెక్క ఏమిటో, పుట్టుక లెక్క ఏమిటో వివరించాడు. పుట్టుక లెక్కలో పిల్లవాడికి పదిహేను నిండి కొన్ని నెలలే అయిందన్నాడు. సర్కారు వకీలు నవ్వు ముఖంతో లేచాడు.

"మొన్న దేవుని మీద ప్రమాణం జేసి ఒక వయసు చెప్పినవ్. ఇయ్యాల ప్రమాణం జేసి ఇంకొకటి. పంతులూ, నీకెంతమంది దేవుళ్లు?"

కచేరీ అంతా నవ్వింది. జడ్జి మాత్రం నవ్వలేదు. ఆయన ముందుకు వంగి, పేష్కార్ అవసరం లేకుండా తానే వచ్చీరాని తెలుగులో అడిగాడు. "మొన్న చెప్పింది అబద్ధమా?"

అవునంటే చాలు, పదిహేనే రాసుకుంటాడు. వకీలు సాబ్ కళ్లతో బతిమాలుతున్నాడు. వంటామె తలుపు దగ్గర నేల మీద కూర్చుని ఉంది. బాపు ఇద్దరినీ చూశాడు. శాస్త్రం చెప్పిన లెక్క అబద్ధమని ఆ నోటితో అనాలి. అదే నోటితో ఆయన రోజూ స్వామిని మేల్కొలుపుతాడు.

"అబద్ధం కాదు" అన్నాడు. "రెండూ నిజమే."

జడ్జి కలం మూశాడు.

బాపు శనివారాల్లో పురాణం చెప్పేటప్పుడు ఒక ఋషి కథ చెప్పేవాడు. చేయని దొంగతనానికి రాజు ఆయన్ని శూలానికి గుచ్చుతాడు. ఎందుకిలా అయిందని ఋషి ధర్మదేవతనే నిలదీస్తాడు. చిన్నప్పుడు నువ్వు ఒక పురుగును పుల్లతో గుచ్చావన్నది జవాబు. తెలియని వయసులో చేసినదానికి ఇంత శిక్షా అని ఋషి ఆ దేవతనే శపిస్తాడు. ఇకమీదట పిల్లల పనులు పాపం లెక్కలోకి రావని కట్టడి చేస్తాడు. ఆ కథకు మా సేట్లు చప్పట్లు కొట్టేవారు. ఆ కేసు తర్వాత బాపు ఆ కథ చెప్పలేదు. నేను చెబుతాను, ఈ ముసలితనంలోనూ చెబుతున్నాను. ధర్మాన్ని చూసేవాడు పిల్లవాడి మీద పెద్దవాడి శిక్ష వేస్తే దేవతైనా దోషి అవుతాడని మన పెద్దలే చెప్పారు. దేవుడి మీద నాకు ఎప్పుడూ కోపం రాలేదు. నరికింది పిల్లవాడే. ఆ పాపం చిన్నదని నేను అనను. కానీ తల్లి చేయి ఎసట్లో ఉడుకుతుంటే చూసినవాణ్ని, కొన్ని నెలల తేడాకు మొగాళ్ల మధ్య పడేసి, అది న్యాయమంటే నా మనసు ఒప్పదు.

వయసు చిన్నదేనని ఉరి తప్పించి యావజ్జీవం వేశారు. ఉరికి చిన్నవాడు, జైలుకు పెద్దవాడు. పై కోర్టు కూడా రెండు నాలుకల సాక్షిని నమ్మలేమని అప్పీలు కొట్టేసింది.

జైలుకు నేనూ బాపూ వెళ్లాం. తల్లి మాతో రానంది, వేరే రోజు వెళ్లేది. వాడి ముందరి పళ్లు లేవు. కనుబొమ్మ మీద లోతైన గాటు. మెడలో జంధ్యం లేదు. దానితోనే ఎవడో గొంతు బిగించబోతే జమాదారు కోసి పారేశాడట. పెద్ద ఖైదీలు వాణ్ని మొదటి రాత్రి నుంచే ఏం చేశారో వాడు చెప్పలేదు, మేము అడగలేదు. ఒక మాట మాత్రం చెప్పాడు.

"అయ్యగారూ, మొదట్ల ఏడ్సిన. ఏడ్సినప్పుడల్లా ఇంక కొట్టిండ్రు. ఇప్పుడు నేనే ముందు కొడుతున్న."

బాపు ఊచల్లోంచి చేయి పెట్టి వాడి తల నిమరబోయాడు. వాడు దెబ్బ పడుతుందనుకుని తల వెనక్కి లాగి పిడికిలి ఎత్తాడు. తర్వాత ఎవరో గుర్తొచ్చినట్టు చేయి దించేశాడు.

రెండేళ్లు తిరక్కుండానే కబురు వచ్చింది. వాడు స్నానాల దగ్గర ఒక ఖైదీని పట్టుకుని, తొట్టి అంచుకు తల కొట్టి కొట్టి చంపాడు. విడిపించబోయిన ఇంకొకడి కన్ను పోయింది. మళ్లీ అదే కచేరీ, వేరే జడ్జి. మా బాపును ఈసారి ఎవరూ సాక్షిగా పిలవలేదు. అయినా కండువా కప్పుకుని వచ్చి వెనక బల్ల మీద కూర్చున్నాడు. వంటామె అదే బల్ల రెండో కొసన కూర్చుంది.

వాడు మొగవాడైపోయాడు. భుజాలు వెడల్పయ్యాయి, మీసం వచ్చింది. బేడీల చేతులతో బోనెక్కి అందరినీ తేరిపార చూశాడు. జడ్జి ముందుగా అందరినీ అడిగేదే అడిగాడు. పేరు చెప్పాడు, తండ్రి పేరు చెప్పాడు. తర్వాత జడ్జి వయసెంతని అడిగాడు. వాడు ముందరి పళ్లు లేని నోటితో నవ్వి, మా బల్ల వైపు గడ్డం చూపించాడు.

"నాకేం ఎరుక, సాబ్. మా అయ్యగారు గాడ కూసున్నడు. ఆయన్నే అడుగుండ్రి."

తలలన్నీ వెనక్కి తిరిగాయి. బాపు లేచి నిలబడ్డాడు. బల్ల ఆ కొస నుంచి వంటామె లేచి, కాలిన మచ్చలున్న ఎడమచేత్తో ఆయన మోచేయి పట్టుకుంది. ఆమె మళ్లీ కొడుతుందేమోనని నేను ముందుకు కదిలాను. ఆమె కొట్టలేదు. జడ్జి వైపు చూసి, "పద్దెనిమిది దొరా, నేనే కన్న" అంది. ఆ మాట రాసుకొమ్మని జడ్జి పేష్కార్‌కు సైగ చేశాడు.