చాప మీద నీళ్లు

2007 మే నెల రెండో సోమవారం నేను బళ్లారిలో టీమ్ మేనేజరుగా చేరాను. కొత్తగా మొదలైన ఒక ప్రొఫెషనల్ హాకీ లీగువాళ్లు బళ్లారికి ఒక జట్టును ఇస్తామన్నారు. అంతవరకూ ఆ ఊళ్లో హాకీ జట్టన్నదే లేదు. జట్టు వచ్చేలోపు కావలసినవన్నీ సిద్ధం చేయడం నా పని. అంతకు ముందు ఇరవయ్యారేళ్లు గుంతకల్లులో, ఒక ప్రభుత్వ శాఖ క్రీడా విభాగంలో పనిచేశాను. పడుచుతనంలో గోల్‌కీపరుని.

మేనేజరంటే ఏంచేస్తాడని చాలామంది అడుగుతారు. ఆట నేర్పేది కోచ్. ఆటగాడి కాలికి బూటు, కంచంలో చపాతీ, చేతిలో రైలు టిక్కెట్టు ఉన్నాయా లేవా అని చూసేవాడు మేనేజరు. హోదా ప్రకారం నా పైన యజమాని, నా పక్కన కోచ్. కింద ఎవరూ లేరు. నా పేరు దేవసహాయం. ఆఫీసులో నాకున్న సహాయం కూడా ఆ దేవుడొక్కడే. చేరిననాటికి జట్టు లేదు. జుట్టయితే అంతకు చాలా ముందునుంచే లేదు.

జట్టు యజమాని పంపాపతిగారు కురుగోడు దగ్గర రైతు. ఒక్క లారీతో ఖనిజం తోలడం మొదలుపెట్టి, ఆ గనుల జోరులో ఎన్ని లారీలయ్యాయో తనకే గుర్తులేనంత ఎదిగారు. మొదటిరోజే నన్ను కూర్చోబెట్టి, ఎంతమంది ఆడతారని అడిగారు. పదకొండు మందని చెప్పాను.

"అంతేనా? మా ఇంట్లో పెండ్లైతే ఒక్క జీపులోనుంచే అంతమంది దిగుతారు గదప్పా!" అన్నారు. మరి ఇంత ఖర్చెందుకని నేనడిగాను. "ఊరి పేరు చెప్తే అందరూ దుమ్ము అంటాండారు సారూ. ఇంగొగటి అనాల" అన్నారాయన.

జట్టు కోసం తోరణగల్లు రోడ్డు పక్కన ఒక పెద్ద ఇల్లు అద్దెకు తీసుకున్నాం. ఇరవై మంచాలు, ఇరవై దుప్పట్లు, ఇరవై మంది ఒకేసారి తినగలిగే పొడుగాటి బల్ల. ఆటగాళ్లు వచ్చేదాకా ఆ ఇంట్లో ఉన్నది నేనూ వంటమనిషీ. మా ఇంటావిడ పోయి అప్పటికి మూడేళ్లు. గుంతకల్లులో ఒంటరిగా తినడం ఇష్టం లేకే ఈ ఉద్యోగం ఒప్పుకున్నాను. తీరా ఇక్కడికొస్తే పంతొమ్మిది ఖాళీ కుర్చీలతో కలిసి తినవలసి వచ్చింది. వంటమనిషి చారు పట్టుకుని నిలబడి, "సారూ, ఈపొద్దు యా కుర్చీ?" అని అడిగేవాడు. సోమవారం సెంటర్ ఫార్వర్డు, మంగళవారం లెఫ్ట్ అవుట్. నా ఆట జీవితంలో ఎప్పుడూ దొరకని స్థానాలన్నీ ఆ బల్ల దగ్గర ఆడాను.

ఆదివారాలు చర్చికి వెళ్లేవాణ్ని. ఆరాధన అయ్యాక సంఘపెద్ద ఒకాయన నా చెయ్యి పట్టుకుని, హాకీ అంటే మంచు మీద ఆడేదే కదా అని ఆరా తీశాడు. నేను వివరించేలోపే, "ఈ ఎండల్లో మంచు యాడ తెస్తావప్పా?" అని జాలిపడ్డాడు. ఆ ఊళ్లో రెండు నెలల్లో హాకీ గురించి బయటివాళ్లెవరైనా నాతో మాట్లాడింది అంతే.

ఇప్పుడు కొంచెం సాంకేతికం చెప్పాలి. పోటీ హాకీ గడ్డి మీద ఆడరు. తొంభైయొక్క మీటర్ల పొడవు, యాభైయైదు మీటర్ల వెడల్పు ఉన్న నేల మీద నారతో నేసిన ఆకుపచ్చ తివాచీ పరుస్తారు. దానికి నీళ్లు కావాలి. ఆటకు ముందొకసారి, సగం ఆటలో ఇంకోసారి బాగా తడపాలి. పొడిగా ఉంటే బంతి ఎగురుతుంది, కిందపడ్డవాడి మోకాలి చర్మం ఊడుతుంది. తడిస్తే బంతి జారుతుంది, మనిషీ జారుతాడు, దెబ్బ తగలదు. పంపాపతిగారు కొత్తగా వేయించిన మా గ్రౌండు పక్క కాలనీవాళ్లు దాన్ని చాప అనేవాళ్లు. సామెతలో నీరు చాప కిందుంటుంది. నా ఉద్యోగంలో చాప మీదుండాలి.

లీగు నియమం ప్రకారం ముందు గ్రౌండు పాసు కావాలి. టెక్నికల్ డెలిగేట్ అనే అధికారి వచ్చి కొలతలు తీస్తాడు, గోలుపోస్టులు చూస్తాడు, తివాచీ తడిపించి, చిన్న ఏటవాలు పలక మీదనుంచి బంతి వదిలి ఎంతదూరం దొర్లిందో రాసుకుంటాడు. ఆయన సంతకం పెట్టాకే ఆటగాళ్ల ఒప్పందాలు అమల్లోకి వస్తాయి. పెట్టకపోతే వరసలో కాచుకుని ఉన్న ఇంకో ఊరికి జట్టు వెళ్లిపోతుంది. అంటే నా ఇరవై మంచాలూ ఆ బంతి దొర్లడం మీద ఆధారపడి ఉన్నాయి.

జూన్ చివర్లో ఒక గురువారం సాయంత్రం నాలుగున్నరకు తనిఖీ అన్నారు. ఊరికి నీళ్లిచ్చే కాలవకు ఇంకా నీళ్లు వదల్లేదు. గ్రౌండు బోరు నీళ్లు ఉప్పు, తివాచీకి పనికిరావు. గనుల దారుల్లో దుమ్ము లేవకుండా నీళ్లు చల్లే ట్యాంకర్లు పంపాపతిగారికి ఉన్నాయి. వాటిలో రెండింటిని శుభ్రంగా కడిగించి, తన తోటలోని తియ్యటి బోరునీళ్లు నింపి పంపుతానన్నారు. మొదటి ట్యాంకరు తనిఖీకి. రెండోది, డెలిగేట్ సగం ఆట తడుపు కూడా చూస్తానంటే దానికి.

నాలుగు గంటలకు ట్యాంకర్లు వచ్చాయి. ముందుబండి తోలింది మారెప్ప. యాభై దాటినవాడు, నెమ్మదస్తుడు. గనిలో చేరకముందు పదేళ్లు ఎండాకాలంలో వీధులకు నీళ్ల ట్యాంకరు తోలాడట. ఆ సంగతి నాకప్పటికి తెలియదు. కాలనీ మలుపు తిరగ్గానే మూడుసార్లు హారను కొట్టాడు.

బళ్లారిలో వేసవిలో ఆ మూడు హారన్లకు ఒకటే అర్థం. నేను గేటు తీసేలోపే బిందెలు వరసకట్టాయి. గేటునుంచి రోడ్డు మలుపు దాకా ఇత్తడివీ ప్లాస్టిక్‌వీ, వాటి వెనక మనుషులు. వరసలో మొదటి బిందె సుంకమ్మది. ఆమె గ్రౌండు గోడకు ఆనుకున్న ఇంట్లో ఉండేది, కాలనీలో పెద్దదిక్కు.

"ఏంది మారెప్పా హారను?" అని నేను దాదాపు అరిచాను.

"అలవాటు సార్. ఈది మలుపొస్తే చెయ్యే దానిమీదికి పోతాది" అన్నాడు, తన చేతిని వేరేవాడి చెయ్యిలా చూసుకుంటూ.

సుంకమ్మ ముందుకొచ్చింది. "నీళ్లు ఇడిసేదానికి ఎంతసేపు సారూ? కొళాయి రాక ఎనిమిది దినాలాయ."

ఈ నీళ్లు గ్రౌండు కోసం వచ్చాయని, నాకు చేతనైనంత మర్యాదగా చెప్పాను. ఆమె గేటు సందులోంచి లోపలికి చూసింది.

"ఈడ గడ్డే లేదు గదప్పా. పరిచిండేది చాప. చాపకు దప్పికైతాదా?"

వెనకనుంచి ఇంకొకామె, "అయితాదేమోలే అక్కా, దొడ్డోళ్ల చాప!" అంది. వరసంతా నవ్వింది. నేనూ నవ్వాను. అక్కడ నవ్వకూడదని నవ్వాక తెలిసింది.

అప్పుడే డెలిగేట్ కారు వచ్చింది. నెరిసిన మీసాల మనిషి, ఒకప్పుడు మంచి అంపైరు. కారు దిగి ఆ వరసను చూసి ఆశ్చర్యపోయాడు. ఇంత ఎండలో ఇంతమంది ఆట చూడ్డానికి వచ్చారా అని హిందీలో అడిగాడు. బిందెల్ని గోడ కప్పేసిందో, లేక ఆయన చూడాలనుకున్నది ఆయనకు కనిపించిందో తెలియదు. చేతిలోని పత్రంలో 'స్థానికుల ఆసక్తి' అనే గడి ఉంది. అందులో 'చాలా బాగుంది' అని నా ఎదుటే రాశాడు.

నేను సరిదిద్దలేదు. బంతి గీత దాటినా అంపైరు ఈల వేయకపోతే గోల్‌కీపరు నోరెత్తడు. అది మా జాతి లక్షణం.

నాకు ఒక నిమిషం ఉంది. ఆ నిమిషంలో నేను ఆలోచించినదంతా మంచాల గురించి, బల్ల గురించి. సుంకమ్మతో, తనిఖీ అయ్యాక చూద్దామన్నాను. మారెప్పతో, లోపలికి తోలమన్నాను. గేటు మూయించాను. కానీ అది ఇనుప కడ్డీల గేటు, మూసినా అన్నీ కనిపిస్తాయి.

మారెప్ప గొట్టం విప్పి తివాచీ తడిపాడు. పావుగంటసేపు ఎనిమిది దినాలుగా కొళాయి రాని జనం ఎదుట ఒక చాప నీళ్లు తాగింది. వరసలో ఎవరూ కేకలేయలేదు, తిట్టలేదు. తిడితే బాగుండేది. ఒక్కొక్క బిందే లేచి చంకకెక్కింది. బంతి దొర్లి, డెలిగేట్ టేపు పెట్టి కొలిచే సమయానికి గేటు దగ్గర ఎవరూ లేరు.

కొలత సరిపోయింది. ఆయన సంతకం పెట్టాడు. రెండో తడుపు చూస్తారా అని అడిగితే, అక్కర్లేదు, గ్రౌండు బ్రహ్మాండంగా ఉందని, చేయి కలిపి వెళ్లిపోయాడు.

రెండో ట్యాంకరు నిండుగా అలాగే ఉంది. నేనే దాని ముందు నడుచుకుంటూ కాలనీలోకి తీసుకెళ్లాను. ఈసారి దాన్ని తోలుతున్న మారెప్ప మూడుసార్లు హారను కొట్టాడు. చాలాసేపటికి తలుపులు తెరుచుకున్నాయి. బిందెలు వచ్చాయి. సుంకమ్మ తన బిందె పైపు కింద పెడుతూ నావైపు చూడకుండా, "మిగిలినాయి గదా, పొయ్యండి" అంది. అందరూ పట్టుకున్నారు.

మూడు వారాల్లో జట్టు వచ్చింది. బల్ల నిండింది, కుర్చీలు చాలక నేను నిలబడి తిన్న రోజులున్నాయి. ఆ సందడికి నాకు కళ్లనీళ్లు రావలసింది. కానీ ఆ గేటు కడ్డీలే గుర్తొచ్చేవి. మొదటి మ్యాచ్‌కి కాలనీ అంతటికీ ఉచిత పాసులు నేనే పట్టుకెళ్లాను. సుంకమ్మ పాసును అటూ ఇటూ తిప్పి చూసి తిరిగి నా చేతిలో పెట్టింది. "మీ చాప తాగేది ఒగసారి సూసినాం గదప్పా. మళ్లా యాల?"

కాలనీ మిద్దెల మీదనుంచి గ్రౌండంతా కనిపిస్తుంది, టిక్కెట్టు కూడా అక్కర్లేదు. ఆ సీజన్‌లో మా ఊళ్లో జరిగిన ప్రతి మ్యాచ్‌లోనూ నేను ఆ మిద్దెల వైపు చూశాను. ఆరేసిన బట్టలు తప్ప ఎవరూ లేరు. గ్యాలరీలో పంపాపతిగారి లారీ డ్రైవర్లు యజమాని మాట మీద కూర్చునేవాళ్లు. మా కుర్రాళ్లు బాగానే ఆడారు. గోల్ పడేది, గోల మాత్రం లేచేది కాదు. ప్రతి మ్యాచ్ రోజు పొద్దున్నే కాలనీకి ఒక ట్యాంకరు పంపించే ఏర్పాటు చేశాను. నీళ్లు పట్టుకునేవాళ్లు, ఇళ్లలోకి వెళ్లిపోయేవాళ్లు.

సీజన్ ముగిశాక, ప్రేక్షకులు లేరన్న కారణం మీద లీగువాళ్లు జట్టును వేరే ఊరికి మార్చారు. పంపాపతిగారు, "పోనీలే సారూ, ఆడినారు గదా" అన్నారు. ఆయన నన్ను ఒక్కమాట అనలేదు. మంచాలు లెక్కచూసి అప్పగించి నేను గుంతకల్లు బస్సెక్కాను.

తర్వాత రిటైరయ్యేదాకా ఇంకా రెండు ఊళ్లలో ఇదే పని చేశాను. మేనేజర్లుగా చేరిన కొత్తవాళ్లు సలహా అడిగితే ఒకటే చెప్పేవాణ్ని. టేపు తీసుకుని గ్రౌండు కొలవకముందే, గ్రౌండు పక్క వీధికి కొళాయి ఏ రోజు వస్తుందో కనుక్కోండి. ట్యాంకర్లు రెండే ఉంటే మొదటిది వీధికి, రెండోది తివాచీకి. తనిఖీ అరగంట ఆలస్యమైతే డెలిగేట్ ఏమీ అనడు. అన్నా, క్షమాపణ చెప్పుకోవచ్చు. నేను ఆ రోజు రెండు ట్యాంకర్లూ వాడాను, రెండు చోట్లా నీళ్లు పోశాను, వరస మాత్రం తప్పాను. ఆ తప్పు తర్వాత ఎన్ని ట్యాంకర్లు పంపినా సర్దుకోలేదు.