మరుగు చీర

గురమ్మ సంచిలో ఎప్పుడూ ఒక పాత చీర ఉండేది. ముతక నూలు చీర, నేరేడు పండు రంగు. అది కట్టుకోవడానికి కాదు. పెళ్ళికి పోయినా, బ్యాంకుకు పోయినా, బస్సెక్కి ఏ ఊరు పోయినా సంచి అడుగున మడిచి ఉండేది.

మైదుకూరు పక్క పల్లెలో ఇప్పుడు ఆమెకు పసుపు తోట ఉంది, బోర్లున్నాయి, మిద్దె ఉంది. కోడలిగా వచ్చిన నాడు భూమి మాత్రం ఉండేది. ఆ కాలంలో ఏ ఇంట్లోనూ మరుగుదొడ్డి లేదు. ఆడవాళ్ళు తెల్లవారకముందు ఒకసారి, పొద్దు కుంకినాక ఒకసారి ఊరి బయటికి పోయేవారు. మధ్యలో పగలంతా ఉండేది. ఆ పగటిని దాటడానికి వాళ్ళకు తెలిసిన దారి నీళ్ళు తాగకపోవడం. పసుపు ఉడకబెట్టే రోజుల్లో పొయ్యి సెగ ముందు నిలబడి కూడా తాగేవారు కాదు. కడవ పక్కనే ఉండేది, నిండుగా.

గురమ్మ అత్తకు ఇది నచ్చలేదు. "తాగు మే. నేనుండాను గదా" అనేది. చేనిగట్టు మీద తన పాత చీర విప్పి రెండు చేతులూ చాచి నిలబడేది. చీరకు అవతల కోడలు. ఇవతల కూలీలు, ఎద్దుల బండ్లు, దారి. అత్త ముఖం దారి వైపే ఉండేది. చీర పట్టినవాళ్ళు లోపలికి చూడకూడదు. అత్త నేర్పిన నియమం అదొక్కటే.

అత్త పోయాక చీర గురమ్మకు వచ్చింది. ఆ చీర చిరిగితే ఇంకొకటి, అది చిరిగితే మరొకటి. శనగచేలో కలుపు తీస్తూ ఒక కూలి మనిషి నొప్పులు పడి అక్కడే కన్నప్పుడు గురమ్మ చీర పట్టింది. కడప రోడ్డులో బస్సు చెడిపోయి, చుట్టూ ఒక్క చెట్టు లేని చోట బస్సులోని ఆడవాళ్ళందరికీ పట్టింది. తుంగభద్ర పుష్కరాలకు కర్నూలు వచ్చినప్పుడు తాను మునగడం ఆలస్యమైంది. తడి బట్టలతో ఒడ్డుకు వచ్చే ఆడవాళ్ళు ఒకరి వెనక ఒకరు ఆమె చీర వెనక్కి వచ్చారు. ఏ ఊరివాళ్ళో, ఏ కులంవాళ్ళో. అట్లా ఎందరికి పట్టిందో ఆమెకే తెలియదు. వాళ్ళ ముఖాలు చూడలేదు.

"చేతులు నొయ్యవా?" అని ఎవరైనా అడిగితే, "గోడకు నొస్తాదా?" అనేది.

పోయిన వేసవిలో ఆమె పసుపు మడిలో జారి పడింది. తొడ ఎముక విరిగింది. కూతురు కర్నూలులో ఉంటుంది కాబట్టి అక్కడి ఆసుపత్రికే తెచ్చారు. షుగరు తగ్గితే గాని ఆపరేషన్ చేయమన్నారు. అంతవరకు కాలికి పట్టీ చుట్టి, తాడు కట్టి, మంచం చివర చిన్న చక్రం మీదుగా బరువు వేలాడదీశారు. అటు ఒత్తిగిల్లకూడదు, ఇటు ఒత్తిగిల్లకూడదు. వెల్లకిలా పడుకొని పైన తిరిగే ఫ్యానును చూడాలి.

అది ఆడవాళ్ళ ఎముకల వార్డు. ఎవరూ లేచి నడవలేరు. మంచం మీదికే మలమూత్రాల పళ్ళెం రావాలి. తెరలు లేవు. మొదటి రోజే గురమ్మ సంచిలోంచి చీర తీయించింది. పక్క మంచం సుబ్బరత్నమ్మ వచ్చి పట్టుకుంది. వేంపల్లెలో వాళ్ళకు కిరాణా అంగడి ఉంది. ఆమెకు విరిగింది ఎడమ చెయ్యి, నోటికి ఏమీ కాలేదు. చీర కొస ఒకటి కిటికీ ఊచకు కట్టి, ఇంకొకటి కుడిచేత్తో పట్టుకొని, గురమ్మ వైపు తిరిగి మాట్లాడుతూ నిలబడింది.

"అటు తిరుగు మే. నేనేమన్నా సినిమానా?" అంది గురమ్మ.

వార్డంతా నవ్వింది. ఆ రోజు నుంచి ఆ చీర అందరిదీ అయింది.

మూల మంచంలో హర్షిణి ఉండేది. కర్నూలులోనే డిగ్రీ చదువుతోంది. స్కూటీ మీద నుంచి పడి కాలు నుజ్జయింది. ఆ అమ్మాయి ఎవరితోనూ మాట్లాడేది కాదు. గురమ్మకు మాత్రం ఒక సాయంత్రం చెప్పింది. హాస్టలు స్నానాల గదిలో, పై కిటికీలోంచి ఎవడో ఫోను పెట్టాడు. వాడెవడో ఇంతవరకు తెలియలేదు. "అప్పట్నించీ ప్రతి గోడకూ కన్నుండేట్టే ఉంటాది అవ్వా" అంది. ఆ తరువాత రాత్రిళ్ళు చీర హర్షిణి మంచానికే కట్టమంది గురమ్మ.

హర్షిణికి ఆపరేషన్ అయిన మరుసటి రోజు, ఆమెకూ గురమ్మకూ మధ్య ఉన్న మంచం ఖాళీ అయింది. మధ్యాహ్నం నెహెమ్యా ఒక స్ట్రెచర్ తోసుకొని వచ్చాడు. వార్డుల్లో మనుషులను మోసి మోసి నడుము వంగిన పెద్దమనిషి. వెనక సిస్టరు ఉంది.

స్ట్రెచర్ మీద ఉన్న మనిషి పెద్ద ఒళ్ళు, పెద్ద చేతులు. పసుపుపచ్చ చీర. గడ్డం దగ్గర గీసిన నలుపు కనిపిస్తోంది. కుడి తొడకు కట్టు. పేరు ఏసుమణి. అమ్మ పెట్టిన పేరే. మగపిల్లవాడని పెట్టింది, ఆడమనిషిగా మారినాక మార్చుకునే పని పడలేదు. నగరంలో ఉగ్గాని టిఫిను బండి నడుపుతుంది. పొద్దున్నే బొరుగుల మూట తెస్తుంటే లారీ తగిలింది.

సుబ్బరత్నమ్మ లేచి కూర్చుంది.

"ఏమప్పా నెహెమ్యా, దారి తప్పినావా? మగోళ్ళ వార్డు కిందుండాది."

"ఆడ్నించే తెస్తాండా తల్లీ" అన్నాడు అతను.

సిస్టరు చెప్పింది. పొద్దున మగవాళ్ళ వార్డులోనే వేశారు. పక్కవాళ్ళు దుప్పటి లాగారు. చూడ్డానికి వచ్చినవాళ్ళు కూడా ఫోన్లు తీశారు. నన్ను పంపించేయండి, విరిగిన కాలుతోనే పోతానని ఏడ్చింది. ఈమె గుర్తింపు కార్డులో ఆడమనిషి అనే ఉంది. వేరే వార్డు లేదు.

"కార్డు మా పక్కన పండుకుంటాదా సిస్టరమ్మా? మనిషి గదా పండుకునేది" అంది సుబ్బరత్నమ్మ. "చీర కట్టినోళ్ళంతా ఆడోళ్ళయితే, మా వేంపల్లెలో సత్యభామ వేషం కట్టే ఆంజనేయ గూడా ఈడికే వచ్చి పండుకోవల్ల."

కొందరు నవ్వారు. స్ట్రెచర్ మీది మనిషి నవ్వలేదు.

"ఆయప్ప వేషం తీసి ఇంటికి పోతాడు కదమ్మా" అంది. గొంతు ఎండిపోయి ఉంది. "నాకు తీసేదానికేమీ లేదు."

నవ్వు ఆగింది. ఎవరూ రమ్మనలేదు.

మూల మంచంలో హర్షిణి దుప్పటిని గడ్డం దాకా లాక్కుంది. తల్లి కింద మందుల కొట్టు దగ్గర నిలబడి ఉంది. అమ్మాయి గురమ్మనే చూస్తోంది. గురమ్మ ఫ్యానును చూస్తోంది.

"గురమ్మక్కా, పెద్దదానివి. నువ్వేమంటావు?" అంది సుబ్బరత్నమ్మ.

గురమ్మ ఫ్యాను మీది నుంచి చూపు తిప్పలేదు.

"ఒక పని చెయ్యి. స్ట్రెచరు నీ పక్కకు తోయిస్తా. అందరం అటు తిరుగుతాం. నువ్వొక్కదానివే చూసి చెప్పు, ఆడో మగో. నువ్వు చెప్తే ఇంక ఎవరూ మాట్లాడం. ఏమంటారమ్మా?"

అవునవునన్నారు. వాళ్ళకు అది న్యాయంగానే తోచింది. పల్లెల్లో తగవు వస్తే పెద్దామె లోపలికి పోయి చూసి వచ్చి చెబుతుంది. ఆ మాట మీద అందరూ నిలబడతారు. ఈ వార్డులో గురమ్మ కంటే నమ్మకమైన మనిషి లేదు.

"ఏం మాటలమ్మా అవి!" అంది సిస్టరు.

ఏసుమణి కళ్ళు మూసుకుంది. "చూసుకోండమ్మా. చూస్తే మంచమిస్తారంటే చూసుకోండి. పొద్దున్నించి అందరూ చూస్తానే ఉండారు."

నెహెమ్యా తల దించుకున్నాడు. చేతిలో ఉన్న నీళ్ళ సీసా మూత తీసి ఆమె నోటి దగ్గర పెట్టాడు. ఆమె తల అడ్డంగా తిప్పింది. పెదవులు పగిలి ఉన్నాయి. ఆ తల తిప్పడం గురమ్మ కంటి చివర పడింది.

"పొద్దుట్నించీ నీళ్ళు తాగినావా?" అని అడిగింది గురమ్మ.

"దప్పిక లేదమ్మా."

"మాకు చెప్తావా ఆ మాట?"

ఏసుమణి కళ్ళు తెరిచింది. మెల్లగా చెప్పింది. "తాగితే లేచి యాడికి పోవల్లనో తెలీదు. బండి కాడ గూడా పొద్దుగుంకేదాకా తాగను. అలవాటే."

వార్డులో వయసు మళ్ళిన ఆడవాళ్ళు కొందరున్నారు. వాళ్ళు ఆ మాట విన్నారు. వాళ్ళకు దానికి అర్థం చెప్పనక్కరలేదు.

గురమ్మ ఫ్యాను వైపు చూస్తూనే మాట్లాడింది.

"సుబ్బరత్నమ్మా, యాభై ఏండ్లు అటు తిరిగి నిలబడినా. ఇప్పుడు ఇటు తిరిగి చూడమంటాండావు. నా చేత కాదు. ఆయమ్మకు మంచమియ్యండి."

అప్పుడు మూల నుంచి హర్షిణి ఏడుపు వినిపించింది.

"నాకు ఆయమ్మ మీద కోపం లేదవ్వా. పక్కనుంటే నేను కండ్లు మూయలేను. అంతే. నాది తప్పే కావచ్చు. మూయలేను."

"తప్పేమీ లేదు" అంది గురమ్మ. ఆ గొంతులో మందలింపు లేదు. "నీ భయం నువ్వు తెచ్చుకున్నేది గాదు."

హర్షిణి మంచం కదపకూడదని డాక్టరు చెప్పి వెళ్ళాడు. ఖాళీ ఉన్నది ఆ అమ్మాయి పక్కనే. పొద్దు కిటికీ మీదికి వచ్చింది. ఇనుప ఊచల నీడ గురమ్మ మొహం మీద పడింది.

"నెహెమ్యా, ఆ ఖాళీ మంచం బయటికి లాగప్పా. నా మంచాన్ని దాని జాగాలోకి జరుపు. నా జాగాలో ఆయమ్మను వెయ్యి."

ఎవరికీ వెంటనే అర్థం కాలేదు. అర్థమైనాక సిస్టరు వద్దంది. ఆ బరువు కొంచెం ఊగినా ఎముక కదులుతుంది, ప్రాణం పోయినంత నొప్పి. మంచానికి చక్రాలు లేవు, ఈడ్చాలి. గురమ్మ వినలేదు. సిస్టరు డాక్టరుకు ఫోను చేసింది. బరువు కిందికి దిగకుండా, తాడు వదులు కాకుండా ఒకరు పట్టుకుంటే జరపవచ్చన్నాడు.

"మరి నా పక్క?" అంది సుబ్బరత్నమ్మ. "నా పక్కకు వస్తాది గదా ఆయమ్మ!"

"నీ నోటి పక్కన పండుకోవల్లంటే ఆయమ్మకే భయం గావల్ల" అంది గురమ్మ.

సిస్టరు బరువును రెండు చేతులతో పట్టుకుంది. గురమ్మ తన పాత చీర కొంగు మడిచి పళ్ళ మధ్య పెట్టుకుంది. నెహెమ్యా, ఇంకో ఇద్దరు మంచం పట్టారు.

ఇనుప కాళ్ళు బండల మీద గీసుకున్నాయి. గురమ్మ నోటి నుంచి శబ్దం రాలేదు. మెడ నరాలు తాళ్ళలా లేచాయి. రెండు చేతులూ మంచం అంచులను పట్టుకొని ఉన్నాయి, చాచి, చీర పట్టినప్పటిలాగే. వార్డులో ఏ మంచం మీదా కదలిక లేదు. మంచం ఆగింది.

ఖాళీ మంచాన్ని ఆమె పాత జాగాలో వేసి ఏసుమణిని దాని మీదికి చేర్చారు. వరస కుదిరింది. మూలన హర్షిణి, ఆ పక్క గురమ్మ, ఆ తరువాత ఏసుమణి, చివర సుబ్బరత్నమ్మ.

గురమ్మ నోట్లోంచి కొంగు తీసింది. మొహమంతా చెమట.

"ఏమ్మా ఏసుమణీ, నీకు ఆ పిల్ల కనబడతాందా?"

ఏసుమణి తల తిప్పి చూసింది. లేదని చెప్పేయవచ్చు. గురమ్మ పడిన బాధ ఆమె కళ్ళారా చూసింది. లేదంటే అక్కడితో అయిపోయేది. మూల మంచంలో హర్షిణి ఊపిరి బిగబట్టింది.

"కాళ్ళు కనబడతాండాయమ్మా" అంది ఏసుమణి. "కొంచెం."

"ఇంకొంచెం ముందుకు జరుపు నెహెమ్యా."

నెహెమ్యా చేతులు మంచం మీద వేసి కదలకుండా నిలబడ్డాడు. "నా వల్ల గాదు తల్లీ" అన్నాడు.

"జరుపప్పా."

కొంగు మళ్ళీ పళ్ళ మధ్యకు పోయింది. ఈసారి ఏసుమణి రెండు చేతులతో ముఖం కప్పుకుంది. ఇనుప కాళ్ళు మళ్ళీ గీసుకున్నాయి. ఆగాయి.

"ఇప్పుడు?"

"కనబడలేదమ్మా. నువ్వే కనబడతాండావు."

గురమ్మ అటూ తిరగలేదు, ఇటూ తిరగలేదు. తిరగలేదు గనుక ఇద్దరినీ చూడలేదు. వెల్లకిలా, కళ్ళు పైకి, ఇద్దరికీ మధ్య పడుకొని ఉంది. సుబ్బరత్నమ్మ ఎంతో సేపు ఆమెనే చూసింది.

హర్షిణి గోడ వైపు తల తిప్పుకుంది. ఆ అమ్మాయి ఇంటికి పోయేదాకా ఏసుమణితో ఒక్క మాట మాట్లాడలేదు. కానీ ఆ రోజు తల్లి మందులు తీసుకొని పైకి వచ్చేసరికి నిద్రపోతోంది. చీర కట్టకుండానే.

నెహెమ్యా నీళ్ళ సీసా మళ్ళీ అందించాడు. ఏసుమణి పట్టుకుంది. మూత తీసి కాసేపు చూసింది. తరువాత ఎత్తి తాగింది. నీళ్ళు గొంతులో దిగే చప్పుడు అందరికీ వినిపించింది. సీసా అయిపోయేదాకా ఆగలేదు. పక్క వరసలోని ముసలామె ఒకతె తన సీసా కూడా అటు పంపింది. అదీ తాగింది.

సాయంత్రం ఏసుమణి సిస్టరును పిలిచింది. పళ్ళెం కావాలని చెప్పడానికి చాలాసేపు పట్టింది. సిస్టరు అటూ ఇటూ చూసింది.

సుబ్బరత్నమ్మ మంచం దిగింది. గురమ్మ తల దగ్గర ఉన్న చీర తీసుకుంది. కొంగు తడిసి ఉంది, పళ్ళ గుర్తులున్నాయి. ఒక కొస కిటికీ ఊచకు కట్టింది. రెండో కొస కుడిచేత్తో ఎత్తి పట్టుకుంది.

"బిరీన కానీ మే. నాకుండేది ఒక చెయ్యే" అంది.

ముఖం మాత్రం తలుపు వైపే ఉంది.