నల్లకోడి దిండు

ఎల్పీదియా నోట్లో నువ్వుగింజ నానదని బనీ ఊరంతటికీ తెలుసు. బస్సులు ఆగే చోట పొయ్యి పెట్టుకుని అరచేతికి రెండింతలుండే యానికేకే రొట్టెలు నూనెలో వేస్తుంది. రొట్టె వేగేలోపు ఎవరింట్లో ఎవరు అలిగారో, ఏ పెళ్లి ఎందుకు చెడిందో చెప్పేస్తుంది. చర్చి ఫాదరు ఆకలి లేకపోయినా రోజుకో రొట్టె కొంటాడంటే ఊరికే కాదు. అలాంటి మనిషి ఆ వేసవిలో ఒక్క మాటను కడుపులో దాచుకుని పడిన అవస్థ అంతా ఇంతా కాదు.

ఆమె ఐదేళ్ల మనవరాలు దారియేలా పుట్టినప్పటినుంచీ అమ్మమ్మ పక్కలోనే పడుకుంటుంది. పగలంతా మేకపిల్లలా గెంతుతుంది. పక్కమీద వాలితే చాలు, ముక్కు దురద, కళ్లలో నీళ్లు, వరస తుమ్ములు, ఆపైన దగ్గు. పిల్ల తల్లి మిర్తా బడిలో వంట చేస్తుంది, తండ్రి లారీ తోలుతూ ఎప్పుడో గాని ఇంటికి రాడు. మిర్తా పిల్లని డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ఎలర్జీ అన్నాడు. పడుకునే ముందు స్నానం చేయించమన్నాడు, దుప్పట్లు వేడినీళ్లలో ఉతకమన్నాడు, కుక్కని గదిలోకి రానివ్వొద్దన్నాడు, రాత్రికి ఒక సిరప్ రాశాడు. మిర్తా, ఎల్పీదియా అన్నీ చేశారు. కుక్క రెండ్రోజులు గుమ్మంలో కూర్చుని అందరి మీదా అలిగింది. తుమ్ములు మాత్రం తగ్గలేదు.

ఎందుకు తగ్గుతాయి? డాక్టరు కంటే ముందే ఎల్పీదియా తన వైద్యం మొదలుపెట్టేసింది. సాంకోచో పులుసుకి నల్లకోడిని కోసిన రోజున ఈకలు ఎండబెట్టి, పిల్ల దిండులో కుట్టేసింది. చిన్నప్పుడు ఆమె దగ్గుకి వాళ్లమ్మ చేసిందీ అదే. ఆ వైపు నాటుమందులన్నింటికీ, పసిపిల్లలకి కూడా తెలిసిన నియమం ఒకటే. మందేమిటో రోగికి తెలియకూడదు, బయటికి చెప్పకూడదు. చెప్పారా, మందు చచ్చిపోతుంది. అందుకే ఎల్పీదియా పళ్లు బిగబట్టుకుని ఊరుకుంది.

చివరికి మిర్తా తేల్చి చెప్పేసింది. ఆదివారంలోపు నయం కాకపోతే పిల్లని శాంటియాగో పట్నంలో దాని నాయనమ్మ దగ్గరికి పంపేస్తుందట. అక్కడ నున్నటి గచ్చు, గది గదికీ ఫ్యాను, దుమ్మన్న మాట లేదట. ఆ పిల్ల కాలు పొట్టమీద పడకపోతే ఎల్పీదియాకి నిద్రే రాదు. అంత భయంలో ఆమెకి తోచిన ఉపాయం ఏమిటంటే, ఇంకో నల్లకోడిని కోయడం. దిండు ఉబ్బి బూరెలా తయారైంది. ఆ రాత్రి పిల్ల ఎంత తుమ్మిందంటే, గుమ్మంలో అలిగిన కుక్క లేచి వీధిలోకి పోయింది.

శుక్రవారం డాక్టరు మళ్లీ చూశాడు. ఈసారి తల్లిని వదిలేసి అమ్మమ్మ వైపు తిరిగి, పెద్దవాళ్లని పిలిచే మర్యాదతో అడిగాడు.

"దోన్యా ఎల్పీదియా, పక్కలో ఇంకేమైనా ఉందా? పాత బొంత, ఈకలు, అలాంటివి? వాటితోనే ఎక్కువవుతుంది."

ఎల్పీదియా కిటికీలోంచి చూసి, ఈసారి వానలు ఆలస్యమయ్యేట్టున్నాయండీ అంది. డాక్టరుకి వానల సంగతి అర్థం కాలేదు గాని, ఆమెకి ఈకల సంగతి బాగానే అర్థమైంది. ఇంటికి నడుస్తున్నంతసేపూ నోరు మెదపలేదు. అమ్మకి ఒంట్లో బాగోలేదేమోనని మిర్తా నుదురు పట్టి చూసింది.

శనివారం సాయంత్రం పిల్ల గౌన్లు సంచిలోకి ఎక్కాయి. మిర్తా పెరట్లో ఉన్నప్పుడు ఎల్పీదియా గది తలుపు వేసి మనవరాలి పక్కన కూర్చుంది. దిండు తీసి పారేద్దామంటే చేతులు రావడంలేదు, అది కన్నతల్లి నేర్పిన మందు. చెప్పేస్తే అదే చచ్చిపోతుంది. చస్తే చావనీ, పిల్ల ఉంటే చాలనుకుంది.

"చిట్టీ, నీ దిండులో నల్లకోడి ఈకలున్నాయే."

"నాకు తెలుసు అమ్మమ్మా. బుగ్గకి గుచ్చుకుంటాయిగా."

"మరి ఎవరికీ చెప్పలేదేమే?"

"చెబితే నీ మందు పనిచెయ్యదుగా."

పిల్ల మంచం కిందికి దూరి పాత మేజోడు ఒకటి తెచ్చింది. గుడ్డలోంచి పొడుచుకొచ్చిన ఈకలన్నీ లాగి అందులో దాచిందట. ఒక్కటి పారేసినా తనకి నయం కాదేమో, శాంటియాగో పోవాలేమో అని భయమట.

ఎల్పీదియా నవ్వబోయి ఏడ్చేసింది. తుమ్ముతూ తుమ్ముతూ అంత చిన్న ప్రాణం తనకోసం నోరు కుట్టేసుకుందే అని పిల్లని ఒళ్లోకి లాక్కుంది. ఆ ఏడుపు విని వచ్చిన మిర్తాకి అంతా చెప్పేసింది. మిర్తా దిండునీ, మేజోడునీ పెరట్లోకి విసిరేసి, పక్కబట్టలన్నీ మరిగే నీళ్లలో వేసి, గది తడిగుడ్డతో తుడిచింది. చేతులు పనిచేస్తున్నంతసేపూ నోరు తిడుతూనే ఉంది. ఎల్పీదియా తలొంచుకుని అన్నీ పడింది. ఆమె జీవితంలో ఎదురు మాట్లాడని తిట్లు అవే.

ఆ రాత్రి దారియేలా రెండుసార్లు తుమ్మి, కాలు అమ్మమ్మ పొట్టమీద పడేసి నిద్రపోయింది. ఇంకో తుమ్ము వస్తుందేమోనని ఎల్పీదియా కదలకుండా పడుకుంది. రాలేదు. ఆదివారం పొద్దున్న మిర్తా సంచిలోంచి గౌన్లు తీసి, ఒక్కొక్కటే దులిపి మళ్లీ మేకులకి తగిలించింది.