లాభం నుంచి పది దాకా

ఆదివారం. పొద్దున్నే ఎండ ముదిరింది, గాలి లేదు. డాబా మీది ట్యాంకు అడుగున పేరుకున్న మట్టి తీసి, కడిగి, మోటారు వేసి వచ్చి కూర్చున్నాను.

రోజూ నేను రాసుకునేది ఇంతే: వాతావరణం, చేసిన పని, ఆ కింద ఖర్చు. ఈ రోజు ఖర్చు రాయబుద్ధి కాలేదు. మొన్న గురువారం జిరాక్సు షాపు ఆపా పోయింది. కోల్డ్ స్టోరేజీలో మిర్చి బస్తాలు దింపిస్తుంటే వాళ్ళాయన ఫోను చేశాడు. "మీ ఆపా ఎళ్ళిపోయింది తమ్ముడూ" అన్నాడు. ఫోను పెట్టేశాడు. లారీ దింపడం ఆగలేదు. నేనూ ఆపమనలేదు. ఆమె గురించి నాకు తెలిసింది నలుగురూ చదివేలా రాయాలనిపించింది.

మాచర్లలో స్టేషనుకు పోయే రోడ్డులో ఆపా షాపు. ఆపా అంటే ఉర్దూలో అక్క. ఊళ్ళో చాలామందికి ఆమె ఆధార్ కార్డుల జిరాక్సులు, పెళ్ళి పత్రికలు, పొలం కాగితాల నకళ్ళు. నాకు తెలిసిన ఆపా ఒక భాషను తయారు చేసింది. మాట్లాడుకునే భాష కాదు, కంప్యూటరుకు పని పురమాయించే చిన్న భాష. స్క్రిప్టింగ్ భాష అంటారు. కావలసిన పనిని నాలుగు వరసల్లో రాస్తే చాలు. ఆ వరసల్ని యంత్రానికి అర్థమయ్యేలా మార్చిపెట్టేదాన్ని కంపైలర్ అంటారు. రెండింటినీ ఆపా ఒక్కతే, జనం లేని మధ్యాహ్నాల్లో, ఫోనులో చూసి నేర్చుకుంటూ కట్టుకుంది.

షట్టరు ఎత్తాక ఆమె మొదట చూసేది వార్తలు కాదు. పెద్ద పెద్ద భాషల కంపైలర్లలో ఎవరు ఏం మార్చారో చూసేది. నేను టీ గ్లాసుతో వెళ్ళేసరికి ఆ కబుర్లు సిద్ధంగా ఉండేవి. ఫలానా కంపైలర్ ఇప్పుడు తప్పు ఎక్కడుందో గీత గీసి చూపిస్తుందట, ఫలానాది నిన్నటికంటే తొందరగా ముగించిందట. మేనకోడలికి మంచి సంబంధం కుదిరినంత సంబరంగా చెప్పేది. నేను ఊ కొట్టేవాణ్ణి. "నువ్వు నోరు తెరవాలంటే కూడా ఎర్రర్ రావాలా ఏంది?" అని ఎత్తిపొడిచేది.

తన భాషకు మానిక అని పేరు పెట్టుకుంది. ఆపా వాళ్ళ నాన్న గురజాల వైపు పల్లెల్లో కల్లాల దగ్గర మానికతో ధాన్యం కొలిచేవాడు. కొలిచేవాళ్ళు ఒకటి అనరు. మొదటి మానికకు 'లాభం' అంటారు, ఆ తర్వాత రెండు, మూడు. మా కోల్డ్ స్టోరేజీ హమాలీలు బస్తాలు లెక్కపెట్టేటప్పుడు ఇప్పటికీ అంతే. అందుకని ఆపా తన భాషలో అంకెల పేర్లను లాభంతోనే మొదలుపెట్టింది. మానికలో లెక్కలన్నీ మాటల్లోనే రాయాలి.

ఆ భాషలో మొదటి బయటి పని నాదే. ప్రతి బస్తాకు రైతు పేరుతో ఒక చీటీ కట్టాలి. అప్పటిదాకా చేత్తో రాసేవాణ్ణి. ఆపా నాలుగు వరసలు రాసిచ్చింది. యంత్రం చీటీలు గుద్దడం మొదలుపెట్టింది. ఆ రోజు ఇద్దరం ప్రింటరు పక్కనే నిలబడి చూశాం.

ప్రతి రైతు సరుకులోనూ చివరి బస్తాకు చీటీ చాలలేదు. మా హమాలీ మేస్త్రీ ఒక బస్తా మీద చెయ్యేసి, "దీనికి పేరు పెట్టలేదేంది, బారసాల చేద్దామా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేను ఆ బస్తాలకు చేత్తో రాసి కట్టి, సాయంత్రం షాపుకు పోయి ఆపాకు చెప్పాను.

ఆమె నవ్వలేదు, బాధపడలేదు. కళ్ళు పెద్దవి చేసి, "ప్రతిదాంట్లోనా? ఒక్కటేనా? ఎప్పుడూ చివరిదేనా?" అని అడిగింది. తప్పు దొరికితే ఆమె మొహం ఎప్పుడూ అలాగే వెలిగేది. కొన్ని రోజులు కంపైలర్ అంతా వెతికాం. ఏమీ కనబడలేదు. ఒక మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి బల్ల మీద బియ్యం డబ్బా, స్టీలు గ్లాసు పెట్టుకుని కూర్చుంది. గ్లాసు నింపి పళ్ళెంలో పోస్తూ "లాభం" అంది. ఆగిపోయింది. బియ్యం వంక చూసి, నా వంక చూసింది.

"యంత్రం సున్నా కాడినించి మొదలుపెట్టుద్ది గదా తమ్ముడూ. మా నాన్న లాభం కాడినించి మొదలుపెట్టేవాడు. ఇద్దరూ ఒకటి అనరు గదా, రెండూ ఒకటే అనుకున్నా. లాభాన్ని తీసుకుపోయి సున్నా కుర్చీలో కూర్చోబెట్టా."

నాకు వెంటనే అందలేదు. ఆపా పళ్ళేన్ని నా వైపు జరిపింది.

"లాభం అన్నప్పుడు మా నాన్న చేతిలో మానిక నిండుగా ఉండేది. సున్నా చేతిలో ఏముంటది?"

అంతే. లాభం సున్నా అయితే రెండు ఒకటవుతుంది, పది తొమ్మిదవుతుంది. పది చీటీలు గుద్దమంటే యంత్రం తొమ్మిది గుద్ది, చెప్పిన పని చేశాననుకునేది. ఒకటి అనకుండా మొదలుపెట్టడం కల్లంలో ఎందుకు వచ్చిందో, యంత్రంలో ఎందుకు వచ్చిందో ఆ రోజంతా మాట్లాడుకున్నాం. నేను కూడా మాట్లాడాను.

మొదటి కంపైలర్‌ను ఆపా వేరే భాషలో రాసింది. దాన్నే మళ్ళీ మానికలో రాయడం ఆమె పెట్టుకున్న పెద్ద పని. అంటే మానిక కంపైలర్ తన్ను తానే తయారు చేసుకోవాలి. అదెలా కుదురుతుందని అడిగాను. "పక్కింటి పొయ్యి మీద ఎన్నాళ్ళు వండుకుంటాం? దాని పొయ్యి మీద అది వండుకున్నప్పుడే అది భాష. అప్పటిదాకా నా ఆట" అంది. కంపైలర్‌ను పది భాగాలు చేసింది. ఒక్కో భాగం తయారవగానే తెర మీద ఒక్కో మాట పడేది: లాభం, రెండు, మూడు. పదీ అయ్యాక, ఆమె ఏ పని ముగిసినా అనే మాట పడాలి: "అయింది. చేతులు కడుక్కో." జిరాక్సు పొడి అంటిన చేతులతో టీ గ్లాసు ముట్టనిచ్చేది కాదు. ఎవరు పని ముగించినా ఆ మాటే.

కిడ్నీలు పాడయ్యాక వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు నరసరావుపేట ఆసుపత్రికి పోవాల్సి వచ్చింది. బస్సులో వెళ్ళి, సాయంత్రానికి వాడిపోయి వచ్చేది. ఒళ్ళు ఎలా ఉందని అడిగితే కంపైలర్ సంగతి చెప్పేది. ఒక్కసారి మాత్రం, "అది తన్ను తాను కట్టుకోవడం ఈ కళ్ళతో చూడాల తమ్ముడూ. టైము చానా లేదు" అంది.

ఆ రోజుల్లో మధ్యాహ్నం అన్నానికి వచ్చినప్పుడు నేను షాపులో కూర్చుని కంపైలర్ నడిపించేవాణ్ణి. ఆపా ఆసుపత్రి మంచం మీదినించి ఫోనులో వినేది. తెర మీద పడ్డ మాటను పడ్డట్టు చదివేవాణ్ణి. లాభం. రెండు. మూడు. ఒకసారి నర్సు, వడ్లు ఎవరు కొలుస్తున్నారమ్మా అని అడిగిందట. "మా తమ్ముడు. తొమ్మిది దాకా వచ్చి చేతులెత్తేస్తాడు" అందట.

నిజంగానే ప్రతిసారీ తొమ్మిది దగ్గర ఆగేది. తప్పుందని చెప్పేది కాదు, పది పడేది కాదు. చివరిసారి విన్నప్పుడు ఆపా ఆ తొమ్మిదిని మళ్ళీ చదివించుకుంది. తర్వాత మెల్లగా అంది: "తప్పని చెప్పట్లేదంటే, పనైపోయిందనుకుంటంది. పదంటే తొమ్మిదనుకుంటంది. లాభం ఎక్కడో ఇంకా సున్నా కుర్చీలోనే కూర్చుంది. వెతుకు." గొంతులో అలసట ఉంది. కింద ఎక్కడో నవ్వు కూడా ఉంది.

అది మంగళవారం. నేను వెతకడం మొదలుపెట్టాను. గురువారం ఫోను వచ్చింది.

నిన్న వాళ్ళాయన షట్టరు సగం ఎత్తి, నన్ను లోపలికి రమ్మని, కంప్యూటరు చూపించి, "అదేందో నాకు తెల్వదు తమ్ముడూ. నీకు తెలుసంది. తీసుకుపో" అన్నాడు. తెచ్చుకున్నాను. కీబోర్డు అంచున ఆమె వేళ్ళ నల్లటి మరకలు అలాగే ఉన్నాయి. తుడవలేదు.

ఈ పొద్దున ట్యాంకు కడగడానికి ముందు దొరికింది. భాగాలు ఎన్నో లెక్కచూసుకునే చోట, బియ్యం గ్లాసు రోజుకంటే ముందు రాసిన పాత వరస ఒకటి అలాగే ఉండిపోయింది. లాభాన్ని అక్కడినుంచి లేపి ఒకటి చోట కూర్చోబెట్టాను. సున్నా కుర్చీ ఖాళీగా వదిలాను.

ఇది రాయడం మొదలుపెట్టేటప్పుడే కంపైలర్‌ను నడిపించాను. పాత కంప్యూటరు, నెమ్మది మీద ఉంది. పక్కన తెర మీద ఒక్కో మాటే పడుతోంది. మొదట్లో ఆపా షాపు గురించి రాస్తున్నప్పుడు లాభం పడింది. చీటీల దగ్గరికి వచ్చేసరికి నాలుగు. నర్సు మాట రాస్తుంటే ఏడు. ఎవరూ వినకపోయినా, పడ్డ ప్రతి మాటనూ పైకే చదువుతున్నాను.

ఎనిమిది.

తొమ్మిది. ఇక్కడ చాలాసేపు ఆగింది. ఎప్పుడూ ఇక్కడే ఆగుతుంది కాబట్టి నేను కూడా కలం ఆపాను. డాబా మీద నీళ్ళ చప్పుడు మారింది, ట్యాంకు నిండొచ్చినట్టుంది.

పది.

దాని కింద, అయింది. చేతులు కడుక్కో.

పైకి చదివాను. నీళ్ళు మెట్ల మీదుగా కిందికి కారుతున్నాయి. మోటారు ఆపాలి.