ఒక్క మాట దిద్దినందుకు

తమ్ముడి కార్ఖానాలో గుడ్డ కత్తిరించే యంత్రం నిలిచిపోయిందని తెలిసి, అక్క సంచీ భుజాన వేసుకుని వచ్చింది. కంప్యూటరుకు మూలాధారమైన కెర్నెల్‌లో నెట్‌వర్కు డ్రైవర్లను బాగుచేయడం ఆమె వృత్తి. నూలుపోగులు పేరుకున్న, యంత్రాన్ని నడిపే కంప్యూటరు పెట్టె మూత తీయగా, కాలం చెల్లిన నెట్‌వర్కు కార్డు కనిపించింది.

లోపం ఇట్టే దొరికింది. సమాచారం పంపడానికి ఏ ఫంక్షన్‌ను పిలవాలో ఆ కార్డును నడిపే కోడు, అంటే డ్రైవరు, కెర్నెల్‌కు ముందే చెప్పి ఉంచుతుంది. ఆ ఫంక్షన్, అంటే ఆ కోడు ముక్క, ఇచ్చే జవాబు ఫలానా రకానిదే కావాలని నియమం. రాసినవాడెవడో ఉత్త అంకె చాలుననుకుని, రాసినదాన్ని సరిచూసే కంపైలరు గొణగకుండా పైన ముసుగు కప్పి చేతులు దులుపుకున్నాడు. ఇన్నాళ్లూ చెల్లింది. కొత్త కెర్నెల్‌లో దొంగ కోడు చొరబడకుండా కాపలా పెట్టారు. రకం కుదరకపోతే అది యంత్రాన్నే ఆపివేస్తుంది.

"ఆ కాపలా ఏదో పీకి పారెయ్యక్కా. సరుకు వెళ్లకపోతే ఆర్డరిచ్చిన షాపువాడు మళ్లీ నా మొహం చూడడు."

"కాపలా లేని యంత్రమైతే ఆర్డరే ఇవ్వనని అన్నది ఆ షాపువాడేగా? అందుకేగా కొత్త కెర్నెల్ వేయించావు! నోర్మూసుకుని టీ తెప్పించు."

ముసుగు తొలగించి, రకం పేరు దిద్దింది. యంత్రం కదిలింది.

"ఒక్క మాటకా ఇంత హడావిడి! ఇక పద, భోంచేద్దాం."

"ఇక్కడితో వదిలేస్తే కెర్నెల్ మారినప్పుడల్లా ఇదే గోలరా. అందరికీ వెళ్లే అసలు కెర్నెల్లోనే చేర్పిస్తా."

కెర్నెల్లో నెట్‌వర్కు విభాగాన్ని చూసే పెద్దాయనకు దిద్దుబాటు పంపింది. జవాబు వచ్చింది: "సవరణ సక్రమంగా ఉంది, చేర్చుకున్నాను. అయితే ఈ డ్రైవరు ఇంకా ఉందన్న సంగతి మీరు రాస్తేనే తెలిసింది. వచ్చే కూర్పులో తీసివేద్దాం."

మా తమ్ముడు వాడుతున్నాడండీ అని ఆమె బతిమాలింది.

"ఒక్కరి కోసం ఎంతకాలం మోస్తామమ్మా? ఆ ఫైలు చదివినవారు మీరొక్కరే. తొలగింపు కూడా మీరే రాయండి."

విని తమ్ముడు చేదుగా నవ్వాడు. "వాళ్లకి గుర్తుచేసింది నువ్వేనన్నమాట! ఆ ముసుగు కప్పినవాడే నయం. వాడి చలవ వల్లే ఇన్నాళ్లు బతికాను."

"నేనున్నానుగా. ప్రతిసారీ వచ్చి ఈ డ్రైవరును విడిగా అమర్చి వెళ్తా."

"ఎన్నాళ్లక్కా?"

ఆమె కంప్యూటరు ముందుకు జరిగింది. తాను కాదంటే మరొకడు అడ్డదిడ్డంగా నరికి పక్క డ్రైవరును కూడా పాడుచేస్తాడు. అందుకే పంక్తి పంక్తీ సరిచూసుకుంటూ తానే తొలగించింది. దిద్దిన మాటా అందులోనే పోయింది.

పెద్దాయన వెంటనే రాశాడు: "చాలా శుభ్రంగా చేశారమ్మా."